మూడు దరఖాస్తులు, ఒక తువ్వాలు

(వరంగల్, ఏనుమాముల మార్కెట్ యార్డు. మిర్చి సీజను. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, ముగిసి కాంటాలు నడుస్తున్న వేళ. రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పరుపు మీద యజమాని. ఎదురుగా కుర్చీలో ఆయన బావ, భాషాశాస్త్రం చెప్పి రిటైరైన సారు. తండ్రి జ్ఞాపకార్థం పరిశోధన చేసే ఒకరికి లక్ష రూపాయలు ఇస్తానని అడ్తిదారు మాట ఇచ్చాడు. మూడు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి కొలామీ అనే గిరిజన భాష మీద, ఒకటి సముద్ర జీవుల మీద, ఒకటి వ్యాపారంలో మాట తీరు మీద. ఇది రాసుకున్నది నేను, ఆ దుకాణంలో పద్దులు రాసే గుమాస్తాను. మధ్యలో వచ్చిన తుమ్ములు వదిలేశాను.)

అడ్తిదారు: ఇందులో తేల్చేదేముంది బావా? మూడోది మా వ్యాపారం గురించి. లక్ష దానికి ఇచ్చేసి టీ తాగుదాం.

సారు: మూడోది చదివావా?

అడ్తిదారు: పైన పేరు చదివాను.

సారు: బస్తా మీది అచ్చు చూసి సరుకు కొంటావా నువ్వు? అడుగు దాకా చెయ్యి పెట్టి కాయ తీయవూ?

అడ్తిదారు: (కాగితం తిప్పి, పెదవులు కదుపుతూ చదివి) ఉత్తరం ఎలా మొదలుపెట్టాలి, చివర ఏమని సంతకం చేయాలి, అవతలివాణ్ణి ఎలా గౌరవించాలి... ఈ పిల్లవాడు యార్డులో ఎప్పుడైనా కాలు పెట్టాడా? ఇక్కడ ఉత్తరాలు రాసేదెవరు? జెండా పాట గురించి ఒక్క ముక్క లేదు. తూకం, ధర రాసి రైతుకిచ్చే తక్‌పట్టీలో తరుగు ఎంత వేశామో రైతుకు అర్థమవుతుందా లేదా, అదీ లేదు.

సారు: నీ పక్షాన్ని నువ్వే పడగొట్టుకుంటే ఇక నాకు పనేముంది?

అడ్తిదారు: దరఖాస్తు తాలు కాయ. పంట తాలు కాదు. మా అల్లుడు చెప్పాడు, 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర కొలంబియా విమానం ఒకటి కూలిందట. ఇంధనం అయిపోతోందని లోపలి పైలట్లు చెబుతూనే ఉన్నారు. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం అనలేదు. ఆ మాట చెవిన పడితే కింద విమానాలను దించే కంట్రోలర్లు పరుగులు పెట్టేవాళ్ళు. 73 మంది పోయారు. ఒక్క మాట బావా! కొలామీలో ఎన్ని మాటలుంటే ఈ ఒక్క మాటకు సరితూగుతాయి?

సారు: ఇద్దరికీ తెలిసిన ఇంగ్లీషులోనే జరిగిందది. కింద విన్నవాళ్ళకు సొంత భాష, పైన చెప్పినవాళ్ళకు నేర్చుకున్న భాష. వినేవాడు మాట కోసం చూశాడు, చెప్పేవాడు సంగతి చెప్పాననుకున్నాడు. దాన్ని విప్పి చెప్పాల్సింది మా శాస్త్రమే.

అడ్తిదారు: అన్నీ మీ శాస్త్రమే. ఆ మిర్చి లోడు నష్టం కూడా మీ శాస్త్రమేనా?

సారు: ఏ లోడు?

అడ్తిదారు: మూడేళ్ళ కిందటిది. ఉత్తరాది ఖరీదుదారు ఫోనులో ‘కల్ కా రేట్ పక్కా’ అన్నాడు. నేను నిన్నటి రేటు అనుకుని లారీ ఎత్తించాను. వాడన్నది రేపటి రేటు. తెల్లారేసరికి ధర దిగింది. వాడు తప్పు ఆడలేదు, నేను తప్పు వినలేదు. డబ్బు మాత్రం పోయింది.

సారు: హిందీలో నిన్నకూ రేపుకూ ఒకటే మాట. పక్కన క్రియ ఉంటే ఏదో తెలిసిపోతుంది. మీ బేరంలో క్రియ లేదు. ఉంటే లారీ ఆగేది.

అడ్తిదారు: నష్టం నా ఖాతాలో, కారణం మీ ఖాతాలో. బాగుంది.

(ఆ నష్టాన్ని నేను ‘ఇతర ఖర్చులు’ కింద రాశాను. వ్యాకరణం అనే ఖాతా మా దగ్గర లేదు.)

సారు: నువ్వు తేలిగ్గా తీసేసిన కొలామీకి వద్దాం.

అడ్తిదారు: ఎంతమంది మాట్లాడతారు?

సారు: 2011 జనాభా లెక్కల్లో 1,28,451 మంది. మనవైపు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో ఉన్నారు, మిగతావాళ్ళు మహారాష్ట్రలో.

అడ్తిదారు: వాళ్ళకు తెలుగో మరాఠీయో ఎలాగూ వచ్చు. పైగా ఆ భాష మీద పుస్తకాలు లేవా?

సారు: ఉన్నాయి. సేతుమాధవరావు పగ్డీ వ్యాకరణం 1950లో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎమెనో గ్రంథం 1955లో. ఎమెనో విన్నది మహారాష్ట్రలోని వార్ధా వైపు మాట, మనవైపుది కాదు.

అడ్తిదారు: డెబ్బై ఏళ్ళ కింద కోసిన చేనులో మళ్ళీ పరిగె ఏరడానికి నా లక్షా?

సారు: ఒక చిన్న లెక్క. కొలామీలో రెండు ‘ఇందింగ్’. మూడు ‘మూందింగ్’. నాలుగు ‘నాలింగ్’. అయిదు ఏమిటో చెప్పు.

అడ్తిదారు: నాకెలా తెలుస్తుంది?

సారు: నీకు తెలుసు. ‘అయ్‌ద్’. ఆరు ‘ఆర్’, ఏడు ‘ఏడ్’. పది దాకా మన మాటలే. నాలుగు వరకు ఇంటి సొమ్ము, అయిదు నుంచి అరువు.

(అడ్తిదారు తక్‌పట్టీ పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఈ సీజనులో పగటిపూట ఆ పుస్తకం మూయడం నేను చూడలేదు.)

అడ్తిదారు: అరువు ఎందుకు తెచ్చుకున్నారు?

సారు: అరువు సంగతి నీకంటే ఎవరికి తెలుసు? చెప్పు.

అడ్తిదారు: సంత, ఇంకేమిటి! దొడ్లో నాలుగు మేకలుంటే ఇంటి మాట చాలు. అంగడికి తోలుకొచ్చాక కొనేవాడి లెక్కలోనే లెక్కపెట్టాలి. లేకపోతే ఆ పూటే ముంచేస్తారు. మా నాన్న పశువుల అంగడిలో బేరం చేసేవాడు కదా, మరాఠీ రాదు కానీ మరాఠీ అంకెలన్నీ వచ్చు.

సారు: నా ఊహా అదే. కానీ ఊహే. కొన్నిచోట్ల అయిదుకు వాళ్ళ పాత సొంతమాట కూడా వినబడినట్టు రాసిపెట్టి ఉంది. అది ఇంకా ఏ గూడెంలో ఉంది, ఆడవాళ్ళ నోటనా మగవాళ్ళ నోటనా, సంతకు దగ్గర ఊళ్ళలోనా దూరం ఊళ్ళలోనా? ఈ దరఖాస్తు పెట్టిన అమ్మాయి అడగబోయేది అదే. నీ మూడో దరఖాస్తులో లేని వ్యాపారం ఇందులో ఉంది.

అడ్తిదారు: పదేళ్ళు ఆగి అడిగితే ఏమవుతుంది?

సారు: అడగడానికి మనిషి ఉండకపోవచ్చు. అండమాన్‌లో బో అనే భాష ఉండేది. దాన్ని మాట్లాడిన చివరి మనిషి, బోవా అనే వృద్ధురాలు, 2010 జనవరిలో పోయింది. మాట కలపడానికి తోడు లేక పక్షులతో మాట్లాడేదని ఆమె దగ్గర పనిచేసిన అన్వితా అబ్బి చెప్పారు.

అడ్తిదారు: (కాసేపు ఊరుకుని) విన్నాక గొంతు పట్టేసింది, ఒప్పుకుంటాను. కానీ బావా, గొంతు పట్టేసినప్పుడు చెక్కు రాయకూడదని మా నాన్న చెప్పాడు. ఇవన్నీ రాసి ఎక్కడ పెడతారు? డబ్బు కడితే పది రోజుల్లో వ్యాసం అచ్చు వేసే పత్రికలున్నాయట. చదివేవాడు లేడు, రాసినవాడికి ప్రమోషన్.

సారు: ఉన్నాయి. 2010లో యూజీసీ ప్రమోషన్లకు పాయింట్ల లెక్క తెచ్చాక వాటికి గిరాకీ పెరిగింది. పూర్తిగా చదవకుండా నేను బాగుందని సంతకం చేసినవీ ఉన్నాయి. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, మీ అక్కకు కూడా చెప్పలేదు.

అడ్తిదారు: మరి!

సారు: కల్తీ కారం అమ్మేవాడున్నాడని మిర్చి వేయడం మానతారా? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. ఆ పని వెనుక ప్రమోషన్ కనిపించదు, కాళ్ళ నొప్పులు కనిపిస్తాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే అక్షరాల పట్టికలో, చేరింది. ఇప్పుడు ఆ అక్షరాలు ఫోనులో పడుతున్నాయి. రాసింది తిరిగి గూడేనికి చేరడం అంటే అదీ.

అడ్తిదారు: సరే, అది పక్కన పెట్టండి. ఈ రెండోది మాత్రం చదవగానే నవ్వొచ్చింది. సముద్రం చూడాలంటే మనం రాత్రి రైలెక్కి తెల్లారి విశాఖలో దిగాలి. ఇక్కడ సముద్ర జీవుల పరిశోధనా? భద్రకాళి చెరువులో తిమింగలాన్ని పెంచుతారా?

సారు: మొన్న ఆదివారం మా ఇంట్లో మీ అక్క ఏం వండింది?

అడ్తిదారు: రొయ్యల కూర. మూడుసార్లు వేయించుకున్నాను.

సారు: నీలకంఠ రొయ్య. పెరిగింది మన చెరువులోనే, పుట్టింది మాత్రం కాదు. తల్లి రొయ్య గుడ్లతో నది దిగి, ఉప్పు కలిసే చోటికి పోవాలి. మంచినీళ్ళలో గుడ్డు పగిలినా పిల్ల నాలుగైదు రోజులు బతకదు. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ పిల్లకు 12 గ్రాముల దాకా చాలు, కానీ ఉండి తీరాలి. ఆ ఉప్పునీటిలో 11 దశలు మారి, రొయ్య రూపం వచ్చాక నదిలోకి తిరిగి వస్తుంది. దారిలో ఆనకట్టలున్నాయి. అందుకే ఏటా పిల్లల్ని బయటి నుంచి తెచ్చి రిజర్వాయర్లలో వదలాల్సి వస్తోంది.

అడ్తిదారు: అంటే విత్తనం మన చేతిలో లేదు. హైబ్రిడ్ మిర్చి గింజల్లాగా ఏటా కొనాల్సిందే.

సారు: ఆ పిల్లవాడు హనుమకొండలోనే తొట్లలో ఉప్పునీళ్ళు కలిపి పిల్లల్ని బతికిస్తానంటున్నాడు.

అడ్తిదారు: ఆ మాట దరఖాస్తులో మొదటి వరుసలో రాయవద్దూ! రెండు పేజీలు సముద్రం వర్ణించాడు. అమ్మడం రాదు వీళ్ళెవరికీ.

సారు: చేపల విషయంలో అమ్మేవాళ్ళ మాటలు నిజంగానే గట్టివి. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరికి ఎదురీదితే పులస. చేప ఒకటే.

అడ్తిదారు: పేరు మారితే ధర మారడం మాకు కొత్తా?

సారు: పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల్లో యోహానెస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త జాలర్ల దగ్గర కూర్చుని, ఏ చేప ఏ తిథికి గుడ్లు పెడుతుందో రాసుకుని 1981లో అచ్చు వేశాడు. చంద్రుణ్ణి బట్టి గుడ్లు పెట్టే చేపలు అప్పటికి శాస్త్రగ్రంథాలన్నిటిలో ఎన్ని ఉన్నాయో, అంతకు రెట్టింపుకన్నా ఎక్కువ ఆ జాలర్లకే తెలుసు. అదంతా ఉన్నది వాళ్ళ భాషలో.

అడ్తిదారు: తిరిగి తిరిగి భాష దగ్గరికే వచ్చారు. ఒక్క సంగతి చెప్పండి, ఈ చదువులు ఎన్నాళ్ళకు ఫలిస్తాయి?

సారు: జపాన్‌లో పుట్టిన షిమోమురా 1962లో జెల్లీఫిష్ నుంచి ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తీశాడు. ఎందుకు మెరుస్తుందో తెలుసుకోవాలని తప్ప వేరే ఆలోచన లేదు. ఇప్పుడు బతికున్న కణం లోపల ఏం జరుగుతుందో చూడటానికి ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. 2008లో నోబెల్ ఇచ్చారు.

అడ్తిదారు: 46 ఏళ్ళు! గుమాస్తా, నూటికి నెలకు రూపాయి చొప్పున లక్షకు ఎంత?

(5,52,000 వడ్డీ అని చెప్పాను. చక్రవడ్డీ అడగలేదు, అడిగితే సారు లేచి వెళ్ళేవారేమో.)

సారు: నోబెల్‌ను నూటికి రూపాయి వడ్డీతో కొలిచేవాడివి నువ్వొక్కడివే.

అడ్తిదారు: కొలిచాను, ఇవ్వనన్నానా? లక్షను మూడు ముక్కలు మాత్రం చేయను. మూడు ఎకరాలకు ఒక బకెట్ నీళ్ళు చల్లినట్టుంటుంది. వ్యాపారం పిల్లవాణ్ణి నెల రోజులు ఇక్కడ కాంటా పక్కన నిలబడమనండి, వచ్చే ఏడు చూద్దాం. రొయ్యల పిల్లవాడికి తొట్లు నేను కొనిపెడతాను, అది వేరే. లక్ష కొలామీ అమ్మాయికి. కానీ శాలువాలు, ఆవిష్కరణ సభలు, నా ఫోటో ఉండకూడదు. బస్సు ఛార్జీలకూ తిండికీ పోవాలి. ఆమెకు మాటలు చెప్పే ముసలివాళ్ళ రోజు కూలి వాళ్ళకు కట్టాలి. అంకెలతోపాటు సంత బేరాలు కూడా రాయాలి.

సారు: చివరిది కుదరదు. ఆమె ఏం అడగాలో నువ్వు చెప్పకూడదు.

అడ్తిదారు: డబ్బు నాది.

సారు: ప్రశ్న ఆమెది.

అడ్తిదారు: బేరం లేకుండా సంత గురించి రాస్తే ఉప్పు లేని పప్పే కదా!

సారు: ఉప్పు ఎంత వేయాలో వండేవాళ్ళకు తెలుసు.

అడ్తిదారు: మాటలతో తేలేది కాదు. (భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి మధ్య పరిచి, కింద చెయ్యి పెట్టి) మా నాన్న పశువుల అంగడి పద్ధతిలో, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుందాం. చెయ్యివ్వండి.

(హమాలీలు ఇద్దరు బస్తాలు దించి చూస్తూ నిలబడ్డారు. తువ్వాలు కింద ఏదో కదిలింది.)

సారు: మూడు వేళ్ళు పట్టుకున్నావు. మూందింగ్, సరే. మూడు ఏమిటి? నెలలా, వేలా, షరతులా?

అడ్తిదారు: అది తెలియకుండా తువ్వాలు కింద చెయ్యి పెట్టకూడదు బావా.

(సారు చెయ్యి తీయలేదు. పద్దులో ఆ వరుస నేను ఇంకా పూరించలేదు.)