హైడ్రోజెల్ పొడి గారికి ఒక నిమ్మరైతు రాయునది

మహారాజశ్రీ హైడ్రోజెల్ పొడి గారికి, ఉభయకుశలోపరి.

మేము క్షేమం. నీళ్లు పట్టి ఉంచి మట్టిలో తడి నిలుపుతారని మా నిమ్మ మొక్కల మొదళ్లలో వేసిన మీరు క్షేమంగా లేరని నిన్న మధ్యాహ్నం తవ్వి చూసి తెలుసుకున్నాను. నలభై గోతులు. ఉదయగిరి ఎండ సంగతి రాయను, మీకెటూ పట్టదు.

కొట్లో మీరు చేసిన గారడీ ఇంకా కళ్లలోనే ఉంది. గ్లాసులో చెంచాడు పొడి, పైన క్యాన్ నీళ్లు. కాసేపటికి గ్లాసు బోర్లించినా చుక్క కారలేదు. బరువుకు 400 రెట్లు నీళ్లు పడతాయని సంచి మీద అచ్చు. మబ్బును మూటగట్టుకుని బస్సెక్కినట్టే అనిపించింది.

ఇంటికొచ్చి బోరు నీళ్లు పోస్తే, నానిన సగ్గుబియ్యంలా అడుగునే కూర్చున్నారు. మర్నాటికి ఇంకాస్త ముడుచుకున్నారు. మా అమ్మ తొంగిచూసి, "కందిపప్పు ఉడకని నీళ్లలో ఇదేం పొంగుద్ది అబ్బయ్యా" అని లోపలికెళ్లిపోయింది.

అమ్మ మాట శాస్త్రమే. పప్పులో పెక్టిన్ గొలుసులుంటాయి, బోరు నీళ్లలోని కాల్షియం వాటిని బిగించేస్తుంది. అందుకే ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ గింజే. మీవీ అలాంటి పొడుగాటి గొలుసులే. వాటి ఒంటినిండా రుణావేశం (నాకూ ఉంది, బ్యాంకులో), అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లోపల సోడియమో పొటాషియమో బందీగా ఉంటుంది. బయట మంచినీళ్లయితే దాన్ని పలచన చెయ్యడానికి ఎగబడి దూరతాయి. బయటా ఉప్పే ఉంటే నీళ్లకు మీ ఇంట్లో ఏం పని? లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే సెలైన్ సీసాలో ఉన్నంత, కలిస్తే చాలు, మీ 400 కాస్తా 50, 60 దగ్గర చతికిలబడుతుంది. కాల్షియం మరీ ఘనుడు. రెండు చేతులతో రెండు గొలుసులు పట్టి ముడేస్తాడు.

400 అనేది డిస్టిల్డ్ వాటర్లో కొలిచిన లెక్కని సంచి మీద ఎక్కడ రాశారండీ? బ్యాటరీలో పోసే నీళ్లవి. నా తోటేమన్నా ఇన్వర్టరా? పిల్లల డైపర్లలో ఉండేదీ నీ జాతే గదా. అక్కడ నిన్ను సెలైన్‌లోనే కొలుస్తారు. పసిబిడ్డ ఉచ్చకిచ్చిన మర్యాద నా బోరుకివ్వలేవా?

యూరియా వేస్తే నీకు ఇబ్బంది లేదు, దానికి ఆవేశం లేదు గనక. పొటాష్ పడితే మాత్రం ముడుచుకుంటావు. ఎరువు కూడా నిన్నడిగి వెయ్యాలా?

సబ్బు నురగ రాకపోవడం, గీజరు కాయిల్‌కు సున్నం, కుళాయి మూతికి తెల్లగడ్డం, ఇవి నేనూ బోరూ తేల్చుకుంటాం. అది ఏనాడూ 400 అనలేదు.

రాత్రి గాలీవానా నాలుగు చినుకులు రాల్చింది. రేకుల కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లలో చెంచాడు వేశాను. పొంగావు. బోర్లించినా జారలేదు. అమ్మ కూడా వచ్చి వేలితో నొక్కి చూసింది, ఏమీ అనలేదు.

గోతుల్లో కాల్షియం పట్టినవాటి మీద ఆశ లేదు, వానొచ్చినా మునుపటంత పొంగవు. మిగిలిన అర సంచి అటకెక్కించాను. మాకు గట్టి వానలు అక్టోబరులోనే. అప్పటిదాకా అక్కడే కూర్చో. ఎలుకలున్నాయి, జాగ్రత్త.

ఇట్లు,
రుణావేశంతో,
నీ నిమ్మరైతు