భూత్ జొలోకియా మెసేజ్‌ను ఇక ఎవరికీ పంపకండి

మళ్ళీ వచ్చింది. బంధువుల గ్రూపులో ఒకసారి, పాత సహాధ్యాయుల గ్రూపులో ఒకసారి, ఇప్పుడు మా పెద్దమ్మ కొడుకు నుంచి విడిగా. అవే ముడతల ఎర్రకాయల ఫొటో, కింద అవే మాటలు. ప్రపంచంలోకెల్లా కారమైనది మన ఈశాన్యపు మిరప భూత్ జొలోకియా అట. వేదకాలం నుంచీ ఉందట. గుంటూరు మిరప దానికి తల్లి అట. నాగాలాండ్, మణిపూర్‌లలో దొరికేవి నకిలీలట. దాన్ని కనుగొన్న ఘనత అమెరికావాళ్ళు కొట్టేశారట. రోజూ పరగడుపున ఒక ముక్క తిని చల్లని నీళ్ళు తాగితే గుండెపోటు రాదట, పిల్లలకు గోరంత పెడితే జలుబు దరిచేరదట.

మొదటి మాట 2007లో నిజం. మిరప ఘాటును కొలిచే లెక్కలో 10,01,304 స్కోవిల్ యూనిట్లతో అప్పట్లో గిన్నిస్ రికార్డు దానిదే. 2011లో ఆ రికార్డు పోయింది. 2013లో ఇంకా కారమైన కరొలినా రీపర్ మిరప వచ్చింది, 2023లో 26,93,000 యూనిట్లతో పెప్పర్ ఎక్స్ వచ్చింది. ఈ సంగతి ఇంతటితో సరి.

నకిలీల మాట వింటే ఒళ్ళు మండుతుంది. అస్సాంలో భూత్ జొలోకియా, బిహ్ జొలోకియా అన్నా, నాగాలాండ్‌లో రాజా మిర్చా, నాగా మిర్చా అన్నా, మణిపూర్‌లో ఉమొరొక్ అన్నా, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో నాగా మొరిచ్ అన్నా అన్నీ ఒకే కుటుంబానివే. తరతరాలుగా ఎవరి పెరట్లో విత్తనం వారు దాచుకున్నారు కాబట్టి కాయ ఆకారంలో, రంగులో, ఘాటులో తేడాలుంటాయి. నాగా మిర్చాకు 2008లోనే ఆ ప్రాంతపు పంటగా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన పంటను నకిలీ అనడానికి నోరెలా వచ్చింది?

ఇక గుంటూరు. మన సన్నం కాయ వేరే జాతి. దాని ఘాటు 35 నుంచి 40 వేల యూనిట్లు. భూత్ జొలోకియా క్యాప్సికమ్ చైనెన్స్ జాతిది, మరో జాతి జన్యువులు కొంత కలిశాయి. ఆ పేరు చూసి చైనాది అనేవారూ ఉన్నారు. 1776లో దానికి ఆ పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త జాకిన్ పొరబడ్డాడు, అది అమెజాన్ ప్రాంతపు మొక్క. గుంటూరుకు ఈ అబద్ధంతో పని లేదు. సీజనులో ఒకసారి మిర్చి యార్డుకు వెళ్ళి చూడండి. టిక్కీ (మిరప బస్తా) విప్పగానే గేటు దాకా తుమ్ములే, హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకునే మోస్తారు. ఆ ఊరి పేరు నిలబెట్టడానికి అది చాలదా?

వేదకాలమా? మిరపజాతి మొత్తం అమెరికా ఖండాలది. పోర్చుగీసువారి ఓడల్లో ఇటు వచ్చింది. గోవా ఆ పోర్చుగీసువారి చేతికి చిక్కింది 1510లో, అంటే కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన మరుసటి ఏడాది. నన్నయ, తిక్కన తిన్న కూరల్లో కారం మిరియాలదీ పిప్పళ్ళదీ.

ఇవన్నీ నమ్మినా ఎవరి ప్రాణమూ పోదు. పరగడుపు సలహా అలాంటిది కాదు.

2016లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన కేసు చెబుతాను. అమెరికాలో 47 ఏళ్ళ మనిషి పందెం కట్టి ఈ మిరప ముద్ద పూసిన బర్గర్ తిన్నాడు. మంట తట్టుకోలేక ఆరు గ్లాసుల నీళ్ళు తాగాడు. ఆ వెంటనే ఆగకుండా వాంతులు, ఛాతీలో నొప్పి. ఆ వాంతుల ఒత్తిడికి అన్నవాహిక చిరిగిపోయింది. ఆపరేషన్ చేశారు, ఊపిరికి గొట్టం వేశారు. 23వ రోజున ఆహారపు గొట్టంతోనే ఇంటికి పంపారు. "ఒక ముక్క తిని నీళ్ళు తాగండి" అని రాసిన మహానుభావుడు ఇది చదివాడా? మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. నీళ్ళు తాగితే అది నోరంతా పరుచుకుంటుంది. పాలలో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది. పొరపాటున తింటే పెరుగు పుక్కిలించాలి. చేతికి అంటితే ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి, అప్పటిదాకా కళ్ళ జోలికి పోకూడదు.

గుండెకు మంచిదా? 2023లో మసాచుసెట్స్‌లో 14 ఏళ్ళ పిల్లవాడు పందెం కోసం ఘోరమైన కారం పూసిన ఒకే ఒక్క చిప్ తిని అదే రోజు చనిపోయాడు. క్యాప్సైసిన్ అంత మోతాదులో తిన్న తర్వాత గుండె, ఊపిరి ఆగిపోయాయని శవపరీక్షలో రాశారు. అతని గుండె ముందే పెరిగి ఉందనీ తేలింది. మీ ఇంటి పిల్లల గుండె ఎలా ఉందో ఈ మెసేజ్ రాసినవాడికి తెలుసా? ఏ ధైర్యంతో గోరంత పెట్టమంటాడు? క్యాప్సైసిన్ మందే కదా అంటారు. నిజమే, నరాల నొప్పికి ఆ పట్టీలు ఉన్నాయి. వాటిని డాక్టరు చర్మం మీద అంటిస్తాడు, పసివాడి నాలుక మీద కాదు.

ఈశాన్యంలో తరాలుగా తినేవాళ్ళు కూడా ఇలా తినరు. పులియబెట్టిన వెదురు మొలకల కూరలోనో, పచ్చట్లోనో ఒక కాయ తుంపి వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కారం కంటే ముందు తగిలే ఆ పండు వాసన కోసమే దాన్ని అంత ఇష్టపడతారు.

అమెరికావాళ్ళ మీద ఫిర్యాదు మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఉన్న రక్షణ పరిశోధనశాల 2000లోనే ఈ మిరపకు 8,55,000 యూనిట్లున్నాయని ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ తన పొలంలో పండించి కొలిచాకే లోకం ఒప్పుకుంది. రికార్డు చెప్పేటప్పుడు తేజ్‌పూర్ పేరు, ఆ విత్తనాన్ని కాపాడిన ఈశాన్యపు ఇళ్ళ పేరు ముందు చెప్పాలి. మా అన్నకు కూడా ఇదే రాశాను. ఆ ఒక్క మాట ఉంచి మిగతాదంతా మెసేజ్‌లో నుంచి తీసేయమన్నాను.