మిగిలిన ఒకే ఒక్క హిప్పీ

హిప్పీ ఉద్యమం ఎప్పుడో ముగిసిపోయిందని చరిత్రకారులు తేల్చేశారు. తొందరపడ్డారు. ఉద్యమకారులు పింఛను పుచ్చుకుంటున్న మాట నిజమే గానీ, ఉద్యమం మాత్రం మా పెరట్లో, బోరుకూ ప్రహరీకీ మధ్య జాగాలో, పచ్చగా కొనసాగుతోంది. కలుపు మొక్కల్లో దాన్ని తుంగ అంటారు. గరిక, పల్లేరు, కాకిదొండ, వయ్యారిభామ దాని అనుబంధ సంఘాలు. వీటి మీద ఫిర్యాదు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఫిర్యాదు అందుకునే అధికారి పెరట్లోనూ ఇదే పరిస్థితి. ఒకప్పుడు జుట్టు పెంచి, ఇప్పుడు బొరిగె పట్టిన నా తరం వారంతా, మోకాళ్ళు అనుమతించిన మేరకు, ఒకచోట కూర్చుని మన సిద్ధాంతానికి అసలైన వారసులెవరో తేల్చాలని మాత్రమే నా విన్నపం.

ముందుగా ఆ సిద్ధాంతం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో మనలో ఎవరమూ దాన్ని చదవలేదు. 1967 వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటకు లక్ష మంది దాకా కుర్రకారు చేరారు. ఆస్తి వద్దు, యజమాని వద్దు, క్షవరం వద్దు, చోటు దొరికిందే సొంత ఊరు అన్నారు. డిగ్గర్లు అనే బృందం పార్కులో ఉచితంగా భోజనం పెట్టింది. వేసవి ముగిసి జనం పలచబడ్డాక, అక్టోబరు 6న, ఆ పేటలో ఉన్నవాళ్ళే శవపేటిక మోస్తూ ఊరేగి హిప్పీ చనిపోయాడని ప్రకటించారు. ఆ కబురు మన ఊళ్ళకు అందలేదు. మన దాకా హిప్పీ వచ్చేసరికి 1970 దాటింది. ఆయన కర్మకాండలన్నీ అయిపోయాక మనం ఆయన్ను అనుకరించడం మొదలుపెట్టాం. అసలు హిప్పీలను కళ్ళారా చూసే భాగ్యమూ కలగలేదు. వాళ్ళు ఇస్తాంబుల్, కాబూల్, లాహోర్, ఢిల్లీల మీదుగా కఠ్మండుకో గోవాకో పోయేవారు. ఆ దారిలో తాడేపల్లిగూడెం లేదు. అందువల్ల దిగుమతిలో సిద్ధాంతం సముద్రం పాలై, జుట్టూ ప్యాంటూ మాత్రమే ఒడ్డుకు చేరాయి.

ఆ ప్యాంటు గురించి భావితరాలకు కొంత తెలియాలి. మోకాలి దాకా రక్తం ఆడనివ్వదు, అక్కడి నుంచి గొడుగులా విచ్చుకుంటుంది. అంచులు నేలకు రాసుకుని చినుగుతాయని దర్జీ లోపలి వైపు జిప్పు ముక్క కుట్టి ఇచ్చేవాడు. మేము నడిచి వెళ్ళిన వీధిని మళ్ళీ ఊడ్చే పని ఉండేది కాదు. మున్సిపాలిటీకి మా తరం చేసిన సేవ అదొక్కటే. జుట్టు చెవులు దాటి, మెడ దాటి, నాన్నగారి సహనం దాటి పెరిగేది. యుద్ధం వద్దు, ప్రేమ కావాలి అన్న నినాదాన్ని కాలేజీ గోడ మీద రాసిన ధీరులు మాలో ఉన్నారు. జిల్లా కేంద్రంలోని ఆ కాలేజీలో ఈ రెండింటిలో దేనికీ ఏర్పాట్లు లేవు. యుద్ధానికి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ప్రేమకు అసలే పిలవలేదు.

మా నిబద్ధతకు అసలు పరీక్ష మేము జుట్టు పెంచకముందే, 1969లోనే, సిద్ధమైపోయింది. ఆ ఏడాది జులై 19న కేంద్రం 14 బ్యాంకులను జాతీయం చేసింది. నెల తిరగకుండానే, ఆగస్టు 15న, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మొదలైంది. నాలుగు లక్షల మంది దాకా వానలో తడుస్తూ, బురదలో కూర్చుని లోకశాంతిని కోరారు. వాళ్ళకు ప్రారంభోపన్యాసం ఇచ్చింది తమిళనాడులో పుట్టిన స్వామి సచ్చిదానంద. ఆ విధంగా చరిత్ర మా ముందు రెండు దారులు పెట్టింది: ఒకటి బురద, రెండోది బ్యాంకు. ఏ దారి పట్టామో మా పాస్‌బుక్కులు చెబుతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో హిప్పీని సాగనంపడానికి శవపేటిక కావలసివచ్చింది. తెలుగు హిప్పీకి తిరుమల కల్యాణకట్ట సరిపోయింది. ఇంటర్వ్యూ కాగితం ఇంటికి రాగానే అమ్మకు ఎన్నడో మొక్కుకున్న మొక్కు గుర్తుకొచ్చేది. గోవింద నామస్మరణ మధ్య, తల తడిపినంత సేపట్లో, విప్లవం మొత్తం నేల మీద పడేది. దేవస్థానం ఆ జుట్టును వేలం వేస్తుందనీ, అది విదేశాలకు ఎగుమతై విగ్గుల్లోకి చేరుతుందనీ అందరికీ తెలుసు. పాశ్చాత్యుల నుంచి అప్పు తెచ్చుకున్న ఫ్యాషన్‌ను విదేశీ మారకద్రవ్యంగా మార్చి దేశానికి అప్పగించిన తరం మాది. ఇందుకు మాకు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. అమెరికాలో మాత్రం ఏం ఉద్ధరించారు? 1967లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి గ్యాలరీ నుంచి డాలరు నోట్లు కిందికి వెదజల్లిన బృందంలోని జెర్రీ రూబిన్, 1980లో ఆ ఎక్స్ఛేంజి ఉన్న వాల్‌స్ట్రీట్‌లోనే ఉద్యోగంలో చేరాడు. బహుశా విసిరినవి ఏరుకోవడానికి.

ఇప్పుడు తుంగను చూడండి. దానికి ఆస్తి లేదు, నా ఆస్తిలో ఉంటుంది. పన్ను కట్టదు, ఎరువు అడగదు, ఏ ఇంటర్వ్యూకీ వెళ్ళదు. వేసవిలో చచ్చిపోయినట్టు ఎండిపోయి, తొలకరి చినుకు పడగానే ఏమీ జరగనట్టు లేస్తుంది. నేల కింద గడ్డకూ గడ్డకూ మధ్య సంబంధాలు కలుపుకుని ఉమ్మడిగా బతుకుతుంది. టెనెసీలో హిప్పీలు 1971లో ‘ది ఫార్మ్’ అనే ఉమ్మడి పల్లె కట్టుకుని, అప్పులు మీద పడగా 1983లో ఎవరి సంపాదన వారిదేనని తీర్మానించుకున్నారు. తుంగ పల్లెలో అలాంటి సంస్కరణల జాడ లేదు.

ఇక అహింస. తుంగ ఎదిరించదు. లాగితే మర్యాదగా చేతిలోకి వచ్చేస్తుంది. వచ్చింది ఆకు, కింద ఉండిపోయింది గడ్డ. వారం తిరిగేసరికి మళ్ళీ దర్శనం. గునపంతో తవ్వితే గొలుసు తెగి, ఒక్కో గడ్డా స్వతంత్రంగా ఒక్కో శాఖను ప్రారంభిస్తుంది. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిస్తే దాన్ని పొడుచుకుని పైకొచ్చింది. కలుపు తీయడానికి వచ్చే ముసలమ్మ ఇదంతా చూసి, “ఇది పోదు బాబుగారూ, మనమే పోవాలి” అని చెప్పి కూలి డబ్బులు కొంగున ముడివేసుకుంది. 1967 అక్టోబరులో అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ ముందు యుద్ధ వ్యతిరేకులు కాపలా సైనికుల తుపాకీ గొట్టాల్లో పూలు గుచ్చారని చదివి అప్పట్లో మేము పులకించిపోయాం. నేను ప్రహరీకి ఆనించి మరచిన గునపం మీదికి కాకిదొండ పాకి, తెల్లగా పూసింది. ఈసారి పులకింత రాలేదు.

వయ్యారిభామది ఇంకో చరిత్ర. అమెరికా ఖండపు మొక్క. 1950లలో పుణె ప్రాంతంలో బయటపడింది. పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద వచ్చిన అమెరికా గోధుమలతో దిగిందని చెబుతారు. అంటే హిప్పీల కన్నా ముందే, వీసా లేకుండా, గోధుమ బస్తాలో వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. దీన్ని తినడానికి మెక్సికో నుంచి జైగోగ్రామా అనే పెంకుపురుగును తెప్పించి, 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అది వానాకాలంలో శ్రద్ధగా తింటుంది, తరువాత నేలలోకి దూరి నెలల తరబడి నిద్రపోతుంది. దాని సర్వీసు నిబంధనలు రాసిందెవరో గానీ, మా యూనియన్‌లో అలాంటి నాయకుడు ఒక్కడూ లేకపోయాడు.

పురుగు మీద నమ్మకం లేక మా కాలనీ సంక్షేమ సంఘం మందు కొట్టాలని తీర్మానించింది. సంఘం అధ్యక్షులవారు ఒకప్పుడు మా కాలేజీలో అందరికన్నా పొడవు జుట్టుతో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపు నడిపినవారు. ఆయన స్వహస్తాలతో తెచ్చిన డబ్బా మీద 2,4-డి అని రాసి ఉంది. వియత్నాం అడవుల ఆకులు రాల్చడానికి 1960లలో అమెరికా విమానాలు చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సుమారు సగం ఇదే. న్యాయంగా చెప్పాలంటే, తరాల తరబడి జనాన్ని పీడించిన డయాక్సిన్ అనే విషం కలిసింది రెండో సగంలో, అంటే 2,4,5-టిలో. ఈ చారిత్రక నేపథ్యాన్ని సభ దృష్టికి తెచ్చాను. “మనం వ్యతిరేకించింది ఆ రెండో సగాన్నే కదండీ” అన్నారు అధ్యక్షులవారు. ఏకగ్రీవంగా ఆమోదించాం.

తుంగకు గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే గడ్డ దాకా దిగుతుందని ఎవరో అన్నారు. తెగుళ్ళ నియంత్రణ ఆపరేటర్లు తప్ప మరెవరూ దాన్ని వాడకూడదని కేంద్రం 2022లోనే ఉత్తర్వు ఇచ్చిందట. ఆ విధంగా తుంగకు ప్రభుత్వ రక్షణ కూడా లభించింది. బ్యాంకు పింఛను సవరణ కోసం మేము ఇంకా ఎదురుచూస్తున్నాం.

సమాజమూ కలుపు వైపే. వినాయక చవితి పూజకు చెప్పిన 21 పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు ఉంటాయి. ఏడాది పొడవునా కూలి ఇచ్చి పీకించినవాటినే ఆ ఒక్క ఉదయం బజారులో బేరమాడి కొనుక్కొస్తాం. పెరట్లోవే కోసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మందు కొట్టిన గరికను దేవుడికి పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోదు.

ఈ మధ్య నాకు తిన్నది అరగడం లేదు. ఆయుర్వేద వైద్యులు నాడి చూసి ముస్తకారిష్టం రాసిచ్చారు. అందులో ముఖ్య ద్రవ్యం తుంగముస్తలు, అంటే మా పెరట్లో నేల కింద కాపురముంటున్న గడ్డలే. ఆ వారం తవ్వించిన కూలీ, మందు సీసా ఖరీదూ ఖర్చుల పుస్తకంలో తుంగ అన్న ఒకే పద్దు కింద రాసుకున్నాను. బ్యాంకు శిక్షణ అలాంటిది.