తిరుగుతుంది కాబట్టి వద్దన్నారు

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి పక్కనున్న మా పొలంలో కరెంటు కోసం చిన్న గాలిమర పెట్టుకుంటానని నేను వేసిన ప్లానింగ్ అప్లికేషన్‌ని కొట్టేశారు. రెండు పేజీల ఉత్తరంలో సారం ఒక్కటే. లోయ అందం చెడిపోతుందట. ఆ ఉత్తరాన్ని వంటింటి కిటికీ దగ్గర నిలబడి చదివాను. కిటికీలోంచి చూస్తే ముందు మా పొలం, దాని వెనక గొర్రెలు మేసే బీడు, ఆ వెనక వరసగా హైటెన్షన్ లైను టవర్లు. ఒక్కోటి 50 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నేను అడిగింది రెక్క కొసతో కలిపి కూడా 18 మీటర్లు లేదు.

ఉండబట్టలేక కౌన్సిల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి ఇదే అడిగాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. టవర్ కదలదు, మీది తిరుగుతుంది, తిరిగే వస్తువు మీదికి కన్ను పోతుంది అని. "తిరక్కపోతే నాకెందుకు స్వామీ అది" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. రేపు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి కదా.

ఇంగ్లండ్‌లో పల్లె వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. "ఇంటికి చిన్న టర్బైన్ పెట్టుకోవడానికి పర్మిషన్ అక్కర్లేదటగా, నిజమేనా?" అని. నిజమే. ఆ నిజం ఎంత పనికిమాలినదో చెప్పడానికే ఇంత పొడుగు పోస్ట్. ఓపిక ఉన్నవాళ్ళు టీ పెట్టుకుని కూర్చోండి.

2011 డిసెంబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఇంటి గాలిమరకు 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' అని ఒక వెసులుబాటు ఉంది. షరతులకు లోబడితే అప్లికేషన్ లేకుండానే పెట్టుకోవచ్చు. ఆ షరతులు చూడండి. నేల మీద నిలబెట్టేదైతే మొత్తం ఎత్తు 11.1 మీటర్లు దాటకూడదు. రెక్కలు తిరిగే వలయం విస్తీర్ణం 3.8 చదరపు మీటర్లు దాటకూడదు. అంటే ఆ వలయం ఈ చివర నుంచి ఆ చివరకి 2.2 మీటర్లు. నేను చెయ్యి పైకెత్తి నిలబడితే నా వేలి కొస దాకా వచ్చేంత. రెక్క కింది కొస నేలకు 5 మీటర్ల పైన ఉండాలి. గాలిమర ఎత్తు ఎంతో, దానికి ఇంకో పది శాతం కలిపి, అంత దూరం అన్ని వైపులా హద్దుకు లోపల ఉండాలి. పూర్తి ఎత్తు పెట్టుకుంటే 12.2 మీటర్లు. అటు పన్నెండూ ఇటు పన్నెండూ వేసుకుంటే పెరడు వెడల్పు కనీసం 24 మీటర్ల పైచిలుకు ఉండాలి. మా పెరడు 19 మీటర్లు. టేపు పట్టుకుని రెండుసార్లు కొలిచాను, పెరగలేదు.

పెరడు సరిపోయినా మాకు దక్కేది కాదు. ఎందుకంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంప్ (ఎయిర్ సోర్స్ రకం) ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు. మాది అదే. ఇది చదివినప్పుడు నిజంగా నవ్వొచ్చింది. హీట్ పంప్ పెట్టుకోండి, గ్యాస్ మానేయండి అని వెంటపడి చెప్పింది ప్రభుత్వమే. పెట్టాం. దానికి కరెంటు ఎప్పుడు కావాలి? చలికాలంలో. ఈ దేశంలో గాలి గట్టిగా వీచేది ఎప్పుడు? చలికాలంలోనే. సోలార్ ప్యానెళ్ళు డిసెంబర్‌లో మబ్బు కింద నిద్రపోతుంటే, ఆ లోటు తీర్చేది గాలి. ఈ రెంటికీ కుదిరినంత చక్కగా ఇంకేదీ కుదరదు. రూలు మాత్రం రెండిట్లో ఒకటే ఎంచుకో అంటుంది. రెండూ కలిసి చేసే చప్పుడు పక్కింటివాళ్ళకు ఎక్కువవుతుందనే భయం ఉండొచ్చు, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ చప్పుడే భయమైతే చప్పుడే కొలవచ్చు కదా. ఇప్పటికే ఈ రూళ్ళలో పక్కింటి కిటికీ దగ్గర ఇన్ని డెసిబెల్స్ అని ఒక హద్దు ఉంది. రెండూ కలిపి ఆ హద్దు లోపల ఉంటే సరే అంటే అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. గాలిలో ఉండే శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. అలాగే వేగం కాస్త తగ్గిందంటే శక్తి అడుగంటుతుంది. నేను ఏడాది పాటు రెండు చోట్ల పది మీటర్ల గొట్టం పాతి గాలి వేగం కొలిచాను. (మా ఆవిడ దృష్టిలో నా పిచ్చికి అది తొలి ఆనవాలు.) పెరట్లో సగటు సెకనుకు 3.4 మీటర్లు. అక్కడి నుంచి నూటయాభై అడుగుల అవతల, పొలం గట్టు మీద 5.6. సంఖ్యలు చూస్తే పెద్ద తేడా అనిపించదు. ఘనం చేసి చూడండి, నాలుగున్నర రెట్లు తేడా. పెరట్లో ఇల్లు అడ్డం, పక్కన సైకమోర్ చెట్లు అడ్డం. అక్కడ గాలి వీచదు, దొర్లుతుంది. గొట్టం చివర కట్టిన ఎర్ర రిబ్బను ఒక నిమిషంలో నాలుగు దిక్కులూ చూపించేది. పొలం గట్టు మీద రిబ్బను మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఒకే వైపు చాచుకుని ఉండేది.

అయితే పొలంలోనే పెట్టుకో అంటారా? అక్కడే 'కర్టిలేజ్' అనే మాట అడ్డొస్తుంది. పర్మిషన్ అక్కర్లేని వెసులుబాటు ఇంటి ఆవరణకే వర్తిస్తుంది. ఇల్లు, పెరడు, అంతవరకే ఆవరణ. పక్కనే ఉన్న పొలం మనదే అయినా, మన దస్తావేజులోనే ఉన్నా, మధ్యలో చిన్న దడి తప్ప ఏమీ లేకపోయినా, అది వ్యవసాయ భూమి. ఆవరణ కాదు. అంటే ఏమైంది? గాలి లేని చోట పెట్టుకుంటానంటే అడగక్కర్లేదు. గాలి ఉన్న చోట పెట్టుకుంటానంటే పూర్తి అప్లికేషన్. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

వెసులుబాటు సైజు మర మా పెరట్లో ఏడాదికి 400 యూనిట్లు ఇస్తే గొప్ప. హీట్ పంప్‌తో కలిపి మా ఇంటి వాడకం 6,500 పైనే. నేను పొలంలో అడిగిన మర వలయం 5.5 మీటర్లు, స్తంభం 15 మీటర్లు. ఎంత పిసినారిగా లెక్కేసినా ఏడాదికి 9,000 యూనిట్లకు తగ్గదు. ఒకటి బొమ్మ, ఒకటి యంత్రం. బొమ్మకు స్వేచ్ఛ ఇచ్చి యంత్రానికి సంకెళ్ళు వేశారు.

ఇంటి కప్పు మీద బిగించే రకం గురించి కూడా అడుగుతున్నారు. వద్దు. బ్రోచర్ ఎంత బాగున్నా వద్దు. వార్విక్ విండ్ ట్రయల్స్ అని 2009లో రిపోర్టు వచ్చింది. భవనాల మీద పెట్టిన 26 టర్బైన్లను కొలిచారు. ఆపేసిన రోజులు, చెడిపోయిన రోజులు కూడా కలుపుకుంటే ఒక్కో మర ఏడాదికి సగటున 78 యూనిట్లు. మీ ఫ్రిజ్ కూడా అంతకంటే ఎక్కువ తింటుంది. గాలి బాగా తగిలే ఎత్తైన భవనాల మీద పెట్టినవి బాగానే తిరిగాయి కానీ, చప్పుడుకు జనం గోల పెడితే వాటినే ఆపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కప్పు మీద బొమ్మలు అమ్మినవాళ్ళ మీద నాకు కౌన్సిల్ మీద కంటే ఎక్కువ కోపం. గాలిమర అంటే మోసం అనే పేరు తెచ్చింది వాళ్ళే.

నా అప్లికేషన్ కథకి వద్దాం. 2015 జూన్ నుంచి 2024 జూలై దాకా ఇంగ్లండ్‌లో నేల మీది గాలిమరలకు ఒక పెద్ద గండం ఉండేది. ఆ స్థలాన్ని కౌన్సిల్ తయారుచేసే స్థానిక ప్లాన్‌లో ముందే గాలికి అనువైనదిగా గుర్తించి ఉండాలి, పైగా ఊరివాళ్ళు లేవనెత్తిన అభ్యంతరాలన్నీ తీర్చినట్టు చూపించాలి. మధ్యలో 2023లో కాస్త సడలించారు, ఒరిగింది తక్కువే. వంద మీటర్లు దాటే పెద్ద మరలని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట, 'ఒకటి లేదా అంతకంటే ఎక్కువ టర్బైన్లు' అనడంతో నాలాంటివాడి ఒంటి మరకీ చుట్టుకుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కొత్త ప్రభుత్వం 2024 జూలై 8న దాన్ని ఎత్తేసింది. ఆ వారమే నేను మళ్ళీ టేపు బయటికి తీశాను.

శరదృతువులో మొదలుపెడితే తెలిసింది, గబ్బిలాల సర్వే కావాలని. సరే చేయించేద్దాం అంటే, అవి చలికాలం నిద్రలో ఉంటాయి, మే వచ్చేదాకా సర్వే చెయ్యరు. ఏడు నెలలు పోయాయి. నాకు గబ్బిలాల మీద కోపం లేదు. మసక చీకట్లో సర్వే చేసే అమ్మాయితో పాటు నేనూ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె చేతిలో డిటెక్టర్ టిక్ టిక్ మంటుంటే దడి వెంబడి అవి ఎగురుతూ పోవడం చూశాను. ఆ ఒక్క సర్వేకి పెట్టిన డబ్బు గురించి మాత్రం బాధపడలేదు. స్తంభాన్ని దడి నుంచి దూరంగా జరపమన్నారు, జరిపాను. ఆ జరపడంలో అర్థం ఉంది.

మిగతావాటి సంగతి అలా లేదు. 11 మీటర్లు, ఆ పైన ఉంటే రక్షణ శాఖను సంప్రదించాలి, రాడార్‌కి అడ్డమేమో అని. వాళ్ళు అభ్యంతరం లేదన్నారు. రెక్కల నీడ ఇళ్ళ మీద ఆడుతుందేమోనని ఇంకో రిపోర్టు. ఆ నీడ పట్టింపు వలయం వెడల్పుకి పది రెట్ల దూరం లోపలే అని వాళ్ళ పద్ధతే చెబుతుంది. నా లెక్కలో 55 మీటర్లు. ఆ 55 మీటర్లలో పొరుగువాళ్ళంటూ ఉంటే గొర్రెలే. అయినా రిపోర్టు కావాలన్నారు. ఇచ్చాను.

ఇక ఇరుగుపొరుగు. గేటు పక్క స్తంభానికి పసుపు రంగు నోటీసు కట్టారు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. 21 రోజులు అభ్యంతరాలకి గడువు. దగ్గర్లో ఉన్న ఇల్లు ఒక్కటే, డెబ్బై దాటిన పెద్దావిడది. ఆవిడ నోటీసు చూసి నేరుగా మా తలుపు తట్టింది. "నాకు రాత్రుళ్ళు నిద్ర తక్కువ. అది నన్ను ఇంకా మేలుకోబెడుతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు కాగితం మీది డెసిబెల్స్ జవాబు కాదనిపించింది. ఆ వారాంతం ఆవిడని కార్లో కూర్చోబెట్టుకుని, అదే మోడల్ తిరుగుతున్న ఒక రైతు దగ్గరికి తీసుకెళ్ళాను. గాలి బాగానే ఉంది. మా ఇళ్ళ మధ్య ఎంత దూరమో అంత దూరంలో నిలబడ్డాం. మామూలుగా ఉన్నంతసేపూ చెట్ల హోరులో కలిసిపోయింది. గట్టి గాలి ఒక్కసారి కొట్టినప్పుడు మాత్రం గరగరమంది, బేరింగ్ అరిగిన సీలింగ్ ఫ్యాన్ లాగా. ఆవిడ చాలాసేపు విని, "అంత గాలి ఉన్న రాత్రి మా కిటికీలే అంతకంటే ఎక్కువ అరుస్తాయి" అంది. అభ్యంతరం పెట్టలేదు. ఒకవేళ పెట్టి ఉంటే నేను అప్లికేషన్ వెనక్కి తీసుకునేవాణ్ణి. ఆ చప్పుడు వినాల్సింది ఆవిడే కదా.

పదకొండు అభ్యంతరాలొచ్చాయి. వాటిలో తొమ్మిది రెండు కిలోమీటర్ల అవతలి నుంచి. ఒకాయన వారానికోసారి కుక్కతో ఆ దారిన నడుస్తాడట, ఆయన ప్రశాంతత పోతుందట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? చూడ్డానికి బాగాలేదనడం ఆయన హక్కే, కాదనను. కానీ రాత్రంతా పక్కనే పడుకునే మనిషి సరేనన్న మాటకీ, వారానికి పది నిమిషాలు నడిచే మనిషి వద్దన్న మాటకీ ఒకే బరువు వేస్తే ఎలా? ఆఫీసర్ రిపోర్టులో ఆవిడ సమ్మతి గురించి ఒక్క ముక్క లేదు. అభ్యంతరం చెప్పనివాళ్ళు ఫైల్లో ఉండరు.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్తే, "ఒరేయ్, గాలి దేవుడిది, పొలం నీది, మధ్యలో వీళ్ళెవర్రా?" అన్నాడు. వినడానికి బాగుంది కానీ నేను ఆ వాదన చెయ్యను. పర్మిషన్ అసలు వద్దనే రకం కాదు నేను. రేపు ఎవడో ఆ పెద్దావిడ పడగ్గది పక్కనే నాసిరకం మర బిగిస్తే అడ్డుకోవడానికి ఒక ఆఫీసు ఉండాలి. నేను అడిగేది, చూసేదేదో పనికొచ్చేదాన్ని చూడమని. చప్పుడు కొలవండి. దగ్గరి ఇంటికి దూరం కొలవండి. గబ్బిలాల దారి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, ఇంటిని ఆనుకుని ఉన్న సొంత పొలంలో ఒక్క మరకి, 18 మీటర్ల దాకా, నేరుగా అనుమతి ఇచ్చేయండి. ఐర్లండ్‌లో ఇంటి మరకి అప్లికేషన్ లేకుండానే 13 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల వలయం దాకా ఒప్పుకుంటారు, వాళ్ళ షరతులు వాళ్ళకున్నాయి. అక్కడి లోయలూ అందంగానే ఉన్నాయి.

అప్పీలుకి ఆరు నెలల గడువు ఉంది, అందులో ఐదు వారాలు అయిపోయాయి. పెద్దావిడ తన ఉత్తరం తనే రాస్తానంది, చేత్తోనే, టైపు చేయించొద్దంది. పొలం గట్టు మీద గొట్టం ఇంకా తియ్యలేదు. నిన్న రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఆరు దాకా గాలి సగటు వేగం 8.1. మా హీట్ పంప్ ఆ తొమ్మిది గంటలూ గ్రిడ్ కరెంటు మీదే నడిచింది.