రామప్ప పేరు చెప్పుకునే నేల మీద

ఓరుగల్లులో చెరువు కట్ట మీది వెలుగుల కళాఖండం ముందు నిలబెట్టిన శిలాఫలకం నిండా పేర్లే ఉన్నాయి. ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, హాజరైన ప్రజాప్రతినిధుల పేర్లు, అధికారుల పేర్లు వరుసగా చెక్కించారు. స్తంభాలు పాతి తీగలు లాగిన కాంట్రాక్టు సంస్థ పేరు కూడా చివరి వరుసలో ఉంది. ఆ కళాఖండాన్ని ఊహించి, గీసి, నెలల తరబడి రాత్రిళ్లు కట్ట మీదే గడిపి నిలబెట్టిన మన ప్రాంతపు కళాకారిణి పేరు మాత్రం ఎక్కడా లేదు. అంతటితో ఆగలేదు. గత వారం ఒక అధికారిక కార్యక్రమం కోసం ఆమె రూపొందించిన కాంతి క్రమాన్ని తొలగించి, గిరగిరా మారే ఏడు రంగులను, వాటి మధ్య స్వాగతం పలికే అక్షరాలను ఎక్కించారు. ఆమెను అడగలేదు, కనీసం ఫోను చేసి చెప్పనైనా లేదు. కార్యక్రమం ముగిసి రోజులు గడిచినా పాత క్రమం తిరిగి రాలేదు. ఈ రెండు పనులనూ ఈ పత్రిక తీవ్రంగా ఖండిస్తోంది.

పోయినదేమిటో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు గానీ, ఆ నిర్ణయం తీసుకున్నవారికి చెప్పాల్సి ఉంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి అలుగు దుంకితేనే కింది చెరువులోకి నీరు చేరుతుంది. ఆ నీటి నడకనే ఆమె వెలుగులోకి తెచ్చారు. కట్ట పొడవునా నాటిన సన్నని ఊచల్లో ఒక వరుస నిండుగా వెలిగిన తరువాతే ఆ కాంతి తొణికి పక్క వరుసలోకి జారేది. లేత పసుపు తప్ప మరో రంగు లేదు. పొద్దుపోయే కొద్దీ వెలుగు తగ్గి, చెరువులో వాలే పక్షులకు చీకటి మిగిలేది. సాయంత్రం నడకకు వచ్చిన పెద్దవాళ్లు అలుగు అంటే ఏమిటో మనవలకు చూపించడానికి దాని ముందు ఆగడాన్ని మా విలేకరులు ఎన్నోసార్లు చూశారు. ఇప్పుడు అక్కడ కనిపిస్తున్నది ఏ పెళ్లి మండపం ముందైనా కనిపించే సీరియల్ బల్బుల మెరుపు మాత్రమే.

ఈ పని మరే నగరంలో జరిగినా తప్పే. ఓరుగల్లులో జరగడం సిగ్గుచేటు. గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఆలయం గురించి బయటివారికి మనం మొట్టమొదట చెప్పే మాట ఏమిటి? శిల్పి పేరుతో పిలిచే గుడి అని. కట్టించినవాడు సేనాని, ఏలినవాడు చక్రవర్తి, కొలువైనవాడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అనే పిలిచారు. అది ఉలి పట్టినవాడి పేరేనన్నది ఈ ప్రాంతంలో తరతరాల నమ్మకం. యునెస్కో 2021 జూలైలో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రుద్రేశ్వరుని పేరు పక్కనే రామప్ప పేరును రాసింది. ఆ గౌరవాన్ని చూపించి నిధులు అడుగుతాం, పర్యాటకులను పిలుస్తాం, సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఎనిమిది వందల ఏళ్ల నాటి శిల్పి పేరు చెప్పి ఇంత పొందుతున్న మనం, నిన్నగాక మొన్న మన కళ్ల ముందు పనిచేసిన కళాకారిణి పేరును రాతి మీదికి ఎక్కనివ్వలేదు. ఇంతకు మించిన ద్వంద్వ నీతి ఉంటుందా?

ప్రజాధనంతో కొన్న దీపాలు కాబట్టి అవి శాఖ ఆస్తి అనీ, వేడుకల నాడు రంగులు ఉంటే జనం సంతోషిస్తారనీ సంబంధిత అధికారులు అంటున్నారు. దీపాలు శాఖవే, ఆ మాట ఎవరూ కాదనడం లేదు. అయితే కళ ఉన్నది దీపాల్లో కాదు. ఏ దీపం ఎప్పుడు వెలగాలి, ఎంత నిదానంగా ఆరాలి, ఎక్కడ చీకటిని వదిలేయాలి అన్న క్రమంలోనే ఆ కళాఖండమంతా ఉంది. మగ్గమూ నూలూ కొన్నవాడు నేతను కొన్నట్టు కాదని, దర్రీలు నేసే కొత్తవాడలో ఎవరిని అడిగినా చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి తీగల మీద లియో విల్లారియల్ 2013లో 25,000 తెల్లని ఎల్ఈడీ దీపాలతో నిలిపిన కళాఖండానికి ప్రాణం ఆయన సమకూర్చిన క్రమమే. వాతావరణం తాకిడికి దీపాలు పాడైపోయి 2023 మార్చిలో దాన్ని ఆర్పివేయాల్సి వచ్చింది. అప్పుడు అక్కడివారు చేతికి దొరికిన రంగు దీపాలు తెచ్చి బిగించలేదు. అదే కళాకారుడి చేత కొత్త రూపం చేయించడానికి విరాళాలు పోగుచేశారు. లండన్‌లో థేమ్స్ నది మీది తొమ్మిది వంతెనలకు 2021 నాటికి వెలుగులు అమర్చినదీ ఆయనే, ఆ పనికి ఆయన పేరు విడదీయరానిది. పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టడం మీది హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది, 1985 నుంచి దాని మీద పడుతున్న బంగారు వెలుగుకు మాత్రం హక్కులు ఉన్నాయి. రాత్రి తీసిన ఫొటోను వ్యాపారానికి వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాల్సిందే.

అంత దూరం పోనక్కరలేదు, మన చట్టమే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, రచన మీది హక్కులను కర్త వేరొకరికి రాసి ఇచ్చేసిన తరువాత కూడా, అది తనదని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకు ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ పోతపోసి నిలిపిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండానే పెకలించి గోదాములో పడేశారు. దాన్ని చేయించింది కేంద్ర ప్రభుత్వమే, సొమ్ము చెల్లించిందీ కేంద్ర ప్రభుత్వమే. అయినా ఢిల్లీ హైకోర్టు 2005లో, మిగిలిన భాగాలను శిల్పికి తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రగతి మైదాన్‌లో కూల్చివేసిన హాల్ ఆఫ్ నేషన్స్ విషయంలో 2019లో అదే కోర్టు వాస్తుశిల్పి రాజ్ రేవాల్ వాదనను తోసిపుచ్చిన మాట నిజమే. కట్టడాన్ని పూర్తిగా తొలగించే హక్కు యజమానికి ఉందన్నదే ఆ తీర్పు సారం. తొలగించకుండా అలాగే ఉంచి, దాని రూపాన్ని మార్చి, కర్త పరువు తీసే హక్కు ఉందని అందులో లేదు. చెరువు కట్ట మీద జరిగింది సరిగ్గా ఆ రెండో పనే. ఈ రోజు అక్కడ కనిపిస్తున్న రంగుల గోలను చూసి, ఆమె పని ఇదేనా అని తెలిసినవారు ఆమెనే అడుగుతున్నారు.

అసలు జబ్బు ఇంకా లోతున ఉంది. ఈ కళాఖండం ఫైలు మొదటి నుంచీ వీధిదీపాల ఫైళ్ల వెంటే నడిచింది. ఎస్టిమేటులో స్తంభాలు, తీగలు, దీపాలు, కూలీల ఖర్చు ఉన్నాయి. రూపకల్పనకు ప్రత్యేకంగా ఒక్క పద్దు లేదు. అతి తక్కువ ధరకు ఒప్పుకున్న కాంట్రాక్టరు కింద ఆమె ఉప గుత్తేదారుగా పనిచేయాల్సి వచ్చింది. కాబట్టి రికార్డుల్లో ఆమె కళాకారిణే కాదు, బిల్లులు పెట్టుకున్న అనేకమందిలో ఒకరు. శిలాఫలకం మీద పేరు లేకపోవడం పొరపాటున జరిగింది కాదని, కాగితాల మీద చెరిపేసిన పేరే రాతి మీద కూడా లేకుండా పోయిందని దీన్ని బట్టి తెలుస్తోంది. రామప్పను తలకెత్తుకున్న నేల మీద ఒక కళాకృతిని కొనడానికి వీధిదీపాల టెండరు తప్ప మరో దారి లేకపోవడం ఎంత దైన్యమో ఆ ఫైళ్ల మీద సంతకాలు చేసినవారు ఆలోచించాలి.

దీన్ని ఇక్కడే ఆపకపోతే రేపు గోడల మీదికి వస్తుంది. ఫ్లైఓవర్ల కింద, స్టేషన్ల గోడల మీద, కూడళ్లలో చేర్యాల నకాషీ శైలిలో బొమ్మలు వేయిస్తున్నాం. పెంబర్తి కళాకారుల చేత ఇత్తడి రేకుల మీద నగిషీలు చేయిస్తున్నాం. బిల్లు చెల్లించాం కాబట్టి మా ఇష్టం అన్న వాదన వెలుగుల విషయంలో చెల్లితే, రేపు ఏ అతిథి వచ్చినా ఆ బొమ్మల మీద సున్నం కొట్టి స్వాగత వాక్యాలు రాయవచ్చు. పేరు రాయనవసరం లేదన్న అలవాటు ఒకసారి చెల్లితే ఏ నకాషీ చిత్రకారుడూ తన బొమ్మ కింద సంతకం చేయలేడు. కాకతీయ తోరణాన్ని రాష్ట్ర చిహ్నంలో పెట్టుకున్నాం. దాన్ని చెక్కిన చేతులు ఎవరివో ఈ రోజు మనకు తెలియదు. ఆ కాలంలో పేర్లు పోవడానికి యుద్ధాలు, దండయాత్రలు, శతాబ్దాల కాలం కారణం. ఇప్పుడు ఒక పేరు పోవడానికి కారణం మన శాఖల నిర్లక్ష్యం.

చేయవలసిన పని పెద్దది కాదు. శిలాఫలకం మీద ఒక పేరు చెక్కడానికి పూట పడుతుంది. ఆమె అప్పగించిన పాత క్రమం శాఖ దగ్గరే ఉంది, దాన్ని తిరిగి ఎక్కించడానికి అంత సమయం కూడా పట్టదు. ఇకపై మార్పు ఏదైనా ఆమెతో మాట్లాడిన తరువాతే చేస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. బహిరంగ స్థలాల్లో కళాఖండాలకు ఎలక్ట్రికల్ పనుల టెండరుతో సంబంధం లేని వేరే ఒప్పంద పత్రం తయారుచేసి, అందులో కర్త పేరు, నిర్వహణ బాధ్యత, మార్పులకు అనుమతి అన్న అంశాలను స్పష్టంగా రాయాలి. సద్దుల బతుకమ్మకు ఆడపడుచులు ఆ కట్ట మీదికి వచ్చేనాటికి మొదటి రెండు పనులైనా పూర్తి కావాలి. అంతవరకు రామప్ప పేరును సభల్లో ఎత్తే అర్హత, ఆ శిలాఫలకం మీద తమ పేర్లు చెక్కించుకున్నవారిలో ఏ ఒక్కరికీ లేదు.