చెయ్యి లేచేలోపే పాట మొదలవుతుంది

పంద్రాగస్టు దగ్గరపడే రోజుల్లో బడుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. నలభై మంది పిల్లలు వరుసల్లో నిలబడతారు. సంగీతం టీచర్ హార్మోనియం మీద శ్రుతి ఇచ్చి ‘ఒకటి, రెండు, మూడు’ అంటారు. ముందు వరుస వెంటనే అందుకుంటుంది, వెనక వరుస ఒక అక్షరం ఆలస్యంగా కలుస్తుంది. చరణం చివర కొందరు ఆపేస్తారు, కొందరు సాగదీస్తారు. ‘గట్టిగా పాడండి’ అని టీచర్ కేక వేస్తారు. పిల్లలు గొంతు చించుకుంటారు, పాట ఇంకా చెదిరిపోతుంది.

పిల్లల గొంతులు బాగానే ఉన్నాయి. టీచర్‌కు సంగీతమూ వచ్చు. పిల్లలు ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఆమె చెయ్యి చెప్పలేదు. అలా చెప్పడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బృందగానాన్ని నడిపేవారికి అతి ముఖ్యమైన క్షణం పాట మొదలుకాక ముందే వచ్చి పోతుంది. నిర్దేశకుడు చెయ్యి ఎత్తుతూ తానూ గాలి పీలుస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే అతనితో పాటు పీలుస్తారు. చెయ్యి లేచిన వేగంలోనే పాట నడక ఉంటుంది. అది మెత్తగా లేచిందా, చురుగ్గా లేచిందా అన్నదాన్ని బట్టి తొలి అక్షరం పలుకుతుంది. చెయ్యి దిగేసరికి నలభై గొంతులూ ఒకే అక్షరం మీద ఉంటాయి. అతని భుజాలు బిగుసుకుంటే పిల్లల గొంతులూ బిగుసుకుంటాయి. అతను గడ్డం ఎత్తితే వాళ్లూ ఎత్తుతారు, పై స్వరాలు నలిగిపోతాయి. తాళం వేయడం వచ్చినంత మాత్రాన ఈ విద్య రాదు. తాళంలో చెయ్యి నడుస్తున్న కాలాన్ని లెక్కపెడుతుంది. బృందం ముందు నిలబడినవారి చెయ్యి రాబోయేదాన్ని ముందే చెప్పాలి.

మన సంగీత విద్యకు గొప్ప చరిత్ర ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. అయితే మన కళాశాలల చదువు ప్రధానంగా కచేరీ వైపు చూస్తుంది. గాత్రమైనా వీణైనా వయొలిన్ అయినా ఒక్కొక్కరూ విడిగా సాధన చేస్తారు, విడిగానే పరీక్ష ఇస్తారు. అలా తయారైన మనిషిని ఉద్యోగం తీసుకెళ్లి నలభై మంది పిల్లల ముందు నిలబెడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఆ టీచర్ ఒంటరిగా దాటాలి.

ఈ దూరాన్ని దాటించడానికి ఒక సమాజం పూనుకుంటే ఏమవుతుందో ఐరోపాలోని చిన్న దేశం ఎస్టోనియా చూపించింది. ఆ దేశ జనాభా 14 లక్షలకు లోపే, మన దేశంలో సగటు జిల్లా జనాభా కంటే తక్కువ. అక్కడ దాదాపు ఐదేళ్లకోసారి రాజధాని టాలిన్ మైదానంలో జరిగే పాటల పండుగలో వేల మంది ఒకే వేదిక మీద కలిసి పాడతారు. 1988లో సోవియట్ పాలనను ధిక్కరిస్తూ జనం లక్షల్లో చేరింది కూడా ఆ మైదానంలోనే. దీన్ని చూసి ‘వాళ్ల రక్తంలోనే పాట ఉంది’ అనేస్తారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఆ పాట వెనక ఉపాధ్యాయుల శిక్షణ ఉంది.

ఆ శిక్షణ యానిస్ త్సిమ్జే అనే పొరుగు లాత్వియా దేశస్థుడి చేతుల మీదుగా సాగింది. 1839లో లాత్వియాలోని వల్మియెరాలో మొదలై, పదేళ్ల తర్వాత వాల్కా పట్టణానికి మారిన ఉపాధ్యాయ శిక్షణాలయాన్ని ఆయన నడిపారు. పల్లె బళ్లలో చదువు చెప్పబోయే లాత్వియా, ఎస్టోనియా యువకులు అక్కడ చేరేవారు. లెక్కలతో పాటు గానం, వయొలిన్, ఆర్గన్ నేర్చుకోవాల్సిందే. తిరిగి ఊరికి వెళ్లిన మాస్టారు ఊళ్లో గాయక బృందాన్ని కూడగట్టేవాడు. 1869లో ఎస్టోనియాలోని టార్టు నగరంలో జరిగిన తొలి పాటల పండుగలో 800 మందికి పైగా పురుషులు పాల్గొన్నారు. వారిని నడిపినవారిలో ఒకరైన అలెక్సాండర్ కునిలైద్ వాల్కాలో చదువుకున్నవాడే. త్సిమ్జే తన పాటల సంపుటాల్లో జానపద గీతాలకు ‘పొలం పూలు’ అనీ, బయటి నుంచి తెచ్చుకున్నవాటికి ‘తోట పూలు’ అనీ పేరు పెట్టారు. పిల్లల నోట ఏ పాట పెట్టాలో తేల్చుకోవడం కూడా టీచర్ విద్యలో భాగమని ఆయనకు తెలుసు.

అక్కడి పండుగలో నాకు నచ్చేది మరొకటి. పాటలను ముందే ప్రకటిస్తారు. పాల్గొనదలచిన బృందాలు వాటిని సాధన చేసి నిపుణుల ముందు పాడి వినిపించాలి. అంటే ప్రతి పండుగకూ బడి టీచర్ కొత్త పాటలు నేర్చుకుంటారు, తన పనిని ఇంకొకరి చెవికి అప్పగిస్తారు. శిక్షణ పేరుతో వేరే కార్యక్రమం పెట్టకపోయినా అది శిక్షణే.

మనకు ఇది పూర్తిగా పరాయి విషయమూ కాదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్‌ను నెలకొల్పి, భారతీయ గీతాలను అనేక గొంతుల అల్లికగా పాడించారు. ఎన్‌సీఈఆర్‌టీ సమూహగానాన్ని బడులకు తీసుకెళ్లేందుకు ఉపాధ్యాయులకు శిబిరాలు పెట్టినప్పుడు ఆ కృషిలోనూ ఆయన ఉన్నారు. సినిమాలకు సంగీతం కూర్చిన మనిషి బడి టీచర్లకు పాట నేర్పడానికి సమయం ఇచ్చారు. 1988లో ఆయన పోయారు. ఆ పని మన బడుల్లో నిలవాల్సినంతగా నిలవకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇప్పుడు టీచర్లకు పెట్టే శిక్షణ తరగతుల్లో ఎక్కువ భాగం కుర్చీల్లో కూర్చుని వినడంతోనే గడుస్తుంది. ఈతను ఒడ్డు మీద ఉపన్యాసంతో నేర్పలేం కదా. బృందగానానికి కావలసినవి ఒక గది, పాడే మనుషులు, తప్పు చెప్పే గురువు. వచ్చిన ముప్పై మంది టీచర్లే బృందంగా నిలబడాలి. వారిలో ఒకరు ముందుకొచ్చి నాలుగు పంక్తులు నడిపించాలి. ఫోనులో తీసిన వీడియోలో తన భుజాలను తానే చూసుకోవాలి. మళ్లీ వెళ్లి ఈసారి నోటితో లెక్కపెట్టకుండా, చేత్తోనే ఊపిరి ఇచ్చి మొదలుపెట్టాలి. మూడు నెలల తర్వాత గురువు ఆ టీచర్ బడికే వెళ్లి, వెనక వరుస పక్కన నిలబడి వినాలి.