మళ్లీ అదే పచ్చ నాచు

పొద్దున్నే పగడాలు పెంచుకునే నా ఉప్పునీటి ట్యాంక్ లైట్ వేయగానే రాళ్ల మీద మళ్లీ అదే జుట్టు లాంటి పచ్చ నాచు. నిన్న రాత్రి రెండు గంటలు కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పీకి, సన్న పైపుతో లాగి పారేశాను కదా, ఒళ్లు మండిపోతోంది! షాపులో అడిగితే మందు సీసా చేతిలో పెడతారు తప్ప నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంతున్నాయని ఒక్కరూ అడగరు. దాని తిండి అవే కదా. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్లకు టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవాటి కొలత) 60 చూపిస్తోంది, ఉప్పు కలిపే నీళ్లకు 0 ఉండాలి, అంటే ఆ మిగిలినవాటిని కూడా పట్టేసే గుళికలు, డీఐ రెసిన్, కూడా కావాలి, ఈ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. సరే అని ఫాస్ఫేట్‌ను పీల్చేసే ఫిల్టర్ మీడియా ఎక్కువేసి దాన్ని 0కి దించేశాను. నాచు తగ్గింది, కానీ ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు మొదలైంది, డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. అవి తిని నత్తలు చచ్చిపోయాయి. పాపం, ఇన్నాళ్లూ నాచు మేసింది అవే. చూసి ఏడుపొచ్చింది. ఆ డైనోలు తగ్గాలని మళ్లీ ఫాస్ఫేట్ కొంచెం పెంచాల్సి వచ్చింది, ఇదిగో నాచు తిరిగొచ్చింది, దాని కింద నా పగడాలు విచ్చుకోలేక ముడుచుకుపోయి ఉన్నాయి.